కుచ్చుల అంచు శాలువా



1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత మా అక్కయ్య సముద్రం మొహం చూడలేదు. నిరుడు మాత్రం మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమానికి వస్తానంది. తెల్లవారుజామున స్నానమయ్యాక కప్పుకోవడానికి కుచ్చుల అంచు శాలువా అల్లడం మొదలుపెట్టాను.

పుస్తకంలోని నమూనా చలిదేశాలది, ఊలుతో అల్లేది. నరసాపురం లేసు అల్లేదీ నూలుతోనే కదా అని నేనూ నూలు దారమే తీసుకున్నాను. కుచ్చు రావాలంటే చివర ప్రతి కుట్టులోంచీ రెండేసి తీయాలి. 160 కుట్లు 320 అవుతాయి. అల్లి, తడిపి చూశాను. అంచు బరువుకు శాలువా కిందికి జారిపోతోంది. అక్కయ్య భుజాలు అసలే సన్నం. అంచు విప్పేసి, ఒకటి విడిచి ఒక కుట్టులో మాత్రమే పెంచాను. 240తో సరిపోయింది. కుచ్చు పలచబడింది గాని అందం చెడలేదు.

అక్కయ్య నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డున కూర్చుని మూడు చెంబులు పోయించుకుంది. శాలువా కప్పుకొని, కుచ్చులు తడుముకుంటూ చాలాసేపు సముద్రాన్ని చూసింది.

సోదరీమణులారా, పుస్తకంలో లెక్కతో పాటు కప్పుకొనేవారి భుజం కూడా చూసి అల్లండి. సెలవు.