ఇన్‌టేక్ మార్చితే సరిపోతుందా?

కారుకు కంపెనీ అమర్చిన ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి, బయట దొరికే ఇన్‌టేక్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే అమరిక) బిగిస్తే పవర్ పెరుగుతుందని చాలామంది నమ్మకం. అందులో నిజం లేకపోలేదు, కానీ చల్లగాలీ ట్యూనింగూ తోడైతేనే ఫలితం ఉంటుంది. కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే లెక్కలోకి వచ్చేది గాలి బరువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది. కంపెనీ గొట్టం సాధారణంగా ముందు గ్రిల్ వైపు నుంచి బయటి గాలి తెస్తుంది. బానెట్ కింద మూత లేకుండా పెట్టిన కోన్ ఫిల్టర్ మాత్రం, ముఖ్యంగా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఇంజిన్ వేడినే పీలుస్తుంది.

బండి చురుగ్గా అనిపిస్తోంది కదా అనవచ్చు. మారిన శబ్దం చెవికి తెలుస్తుంది, పెరిగిన పవర్‌ను మాత్రం పవర్ కొలిచే డైనో పరీక్షే తేల్చాలి. పైగా లోపలికి వచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో, అది కూర్చునే గొట్టం వ్యాసం పెరిగితే గాలి అసలు కన్నా తక్కువగా నమోదవుతుంది, ఆ మేరకు ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) పెట్రోల్ తగ్గిస్తుంది. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సార్ ఆ తేడాను సర్దుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఆ సర్దుబాటు పనిచేయదు. మిశ్రమంలో పెట్రోల్ చాలక నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) రావచ్చు. టర్బో ఇంజిన్లలో లాభానికి అవకాశం ఎక్కువే, అదీ ఈసీయూలోని లెక్కల పట్టికను (మ్యాప్) సరిచేయించాకే, అంటే ట్యూనింగ్ తర్వాతే. అందుకే ముందు ట్యూనింగ్‌కు డబ్బు కేటాయించుకుని, ఆ తర్వాతే ఇన్‌టేక్ కొనండి.