ముందు లోపలికి చూడాలి

ట్రాఫిక్ హెడ్ కానిస్టేబులుగా రిటైరైన నన్ను రోడ్డు భద్రత గురించి మాట్లాడమన్నారు. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

1991 ఎండాకాలంలో ఒక ఆటో నో ఎంట్రీలోకి దూసుకొచ్చింది. చెయ్యెత్తి ఆపాను. "సార్, వెనక పెద్దాయనకు గుండెనొప్పి" అన్నాడు డ్రైవరు. ఆ మాట రోజుకు నలుగురు చెప్పేవారు. కాగితాలు తియ్యమన్నాను. అతను లైసెన్సు వెతికేసరికి ఐదు నిమిషాలయింది. అప్పుడు వంగి లోపలికి చూశాను. పెద్దాయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆయన భార్య ఏమీ అనలేదు, చేతులు జోడించింది, అంతే. నేనే డ్రైవరు పక్కన కూర్చుని ఆసుపత్రి దాకా దారి ఇప్పించాను. ఆయన బతికారు. అయినా ఆ ఐదు నిమిషాలు నన్ను వదల్లేదు. ముందు మనిషిని చూడు, తర్వాత కాగితాలు అడుగు అన్నది ఆనాటి నుంచి నా పద్ధతి. దానివల్ల మోసపోయాను కూడా. మూలుగుతూ వెళ్లిన ఒకాయన సందు చివర సినిమా హాలు ముందు దిగాడట. పోనీలెండి!

1988 మోటారు వాహనాల చట్టం సొంత బండికి ఎర్రదీపం దాటే హక్కు ఇవ్వలేదు. ఆ వెసులుబాటు అంబులెన్సు, ఫైరింజను వంటివాటికే. వాటికి దారి ఇవ్వకపోతే 2019 సవరణ ప్రకారం ఆరు నెలల దాకా జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. పెద్ద హాని తప్పించడానికి దురుద్దేశం లేకుండా చేసిన పనికి రక్షణ పూర్వం ఐ.పి.సి. 81వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షను. అయితే అది కోర్టులో చెప్పుకోవలసిన మాట. రోడ్డు మీద మాత్రం ఎదురుగా ఉన్న పోలీసు వివేకమే.

ఇప్పుడు చాలాచోట్ల కెమెరాలే చలానా పంపుతున్నాయి. కెమెరా వంగి చూడదు కదా! అందుకని ఆసుపత్రి చీటీ, తేదీ, టైముతో సహా దాచుకుని అర్జీ పెట్టుకోండి. కొట్టేస్తారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

గుండెనొప్పి వస్తే అబ్బాయి స్కూటరు ఎక్కకండి, 108కి ఫోను చెయ్యండి. 2005లో ఆ సర్వీసు మొదలైంది మన హైదరాబాదులోనే. సొంత కారు తప్పనిసరైతే, కూడలిలో పోలీసు దగ్గర ఒక్క క్షణం ఆపి చెప్పండి. తప్పించుకుపోయే బండిని చూస్తే మాకు అనుమానం, ఆగి అడిగినవాణ్ణి చూస్తే నమ్మకం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.