మామిడికాయ మాంసం: ఉడికిందని తెలిసేదెలా?

నూజివీడు తోటల్లో కాయ టెంక పట్టే రోజులొస్తే ఇళ్లలో మామిడికాయ మాంసం వండుకుంటారు. ఆ కూర రుచంతా ముక్క ఉడకడంలోనే ఉంది.

పాశ్చాత్యుల స్టేక్ మెత్తటి కండ. లోపల 55 డిగ్రీల సెల్సియస్ దాటగానే చాలామంది దించేస్తారు. మన వేటమాంసంలో తొడ, జబ్బ ముక్కలకు ఆ వేడి చాలదు. కండను బిగించి ఉంచే కొల్లాజెన్ 70 డిగ్రీలు దాటాక, అదీ నెమ్మదిగా, కరిగి జిగురవుతుంది. అందుకే మంట పెంచి తొందరపడితే లాభం లేదు. సన్నసెగ మీద మూతపెట్టి ఓపిక పట్టాలి. ముదురు మేకైతే ఇంకాసేపు. గరిటె అంచుతో ముక్కను నొక్కి చూడండి. పోగులు విడిపోయి, ఎముక నుంచి కండ జారితే ఉడికినట్టే. రబ్బరులా సాగితే కాసిని వేడినీళ్లు పోసి మళ్లీ మూత పెట్టండి.

మామిడి ముక్కలు మాంసం మెత్తబడ్డాకే వేయాలి. ముందే వేస్తే చితికిపోయి కూరంతా పులుపెక్కుతుంది. కలెక్టర్ రకం మామిడికాయకు పులుపు తక్కువ, నాలుగు ముక్కలు ఎక్కువైనా ఫర్వాలేదు.

కైమా, కోడిమాంసం సంగతి వేరు. కైమాకు 71, కోడికి 74 డిగ్రీల వేడి లోపలిదాకా అందాలి. పిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త మానకండి.