పెద్ద టర్బో కొన్న కథ

ఇంజనీరునై ఉండీ నా పాత టయోటా సుప్రాకు టర్బో ఎంచుకోవడంలో బోల్తాపడ్డాను. 3 లీటర్ల ఇంజను, 500 హార్స్‌పవర్ కావాలి. నిమిషానికి పౌను గాలికి సుమారు 10 హార్స్‌పవర్ లెక్కన 50 పౌన్లు చాలు. ఆశకొద్దీ 80 పౌన్లది బిగించాను. 4,500 ఆర్‌పీఎం దాకా బండి మొరాయించేది, ఆపైన ఒక్కసారిగా దూకేది. ఓ వానరోజు మలుపులో అలాగే దూకి గిర్రున తిరిగింది. పక్కన మా అబ్బాయి. దెబ్బలు తగల్లేదు గానీ, వాడు మళ్లీ ఆ కారెక్కడానికి ఏడాది పట్టింది.

అప్పుడు కంప్రెసర్ మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. 1 బార్ బూస్ట్ అంటే ప్రెజర్ రేషియో దాదాపు 2. వాతావరణ పీడనం కలపాలిగా! మన ఫిజిక్స్ మాస్టారు తొమ్మిదో తరగతిలో బెత్తంతో చెప్పిందే. ఇప్పుడున్నది 55 పౌన్లది. 3,000 దాటగానే మెల్లగా అందుకుంటుంది.