గాలి తలుపు దగ్గరి పిల్లవాడు

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా!

పట్టా మాట అటుంచి, పగటి బడి భాగ్యం కూడా దక్కని ఒక మనిషి గురించి మీకు చెప్పాలని వచ్చాను. పేరు కీర్ హార్డీ. 1856లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో పుట్టాడు. పదేళ్లకే బొగ్గుగనిలో దిగాడు. లోపల గాలి దారి తప్పకుండా ఒక తలుపు ఉండేది. బొగ్గు బండి వస్తే దాన్ని తెరవాలి, పోగానే మూయాలి. ఆ చీకట్లో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు ఏమరుపాటుగా ఉంటే లోపలివాళ్లకు గాలి అందదు. చదవడం తల్లి నేర్పింది. పొగ పట్టించిన రాతి పలక మీద సూదితో గీకుతూ షార్ట్‌హ్యాండ్ తనే నేర్చుకున్నాడు. కార్మికులను కూడగట్టినందుకు యజమానులు అతనికి గనుల్లో పని దొరక్కుండా చేశారు.

1892లో వెస్ట్ హామ్ సౌత్ నియోజకవర్గ ప్రజలు అతన్ని బ్రిటన్ పార్లమెంటుకు పంపారు. అప్పట్లో ఎంపీలకు జీతం లేదు. సిల్కు టోపీల సభలోకి అతను మామూలు గుడ్డ టోపీతోనే వెళ్లాడు.

1894 జూన్ 23న వేల్స్‌లోని కిల్‌వినిద్ గనిలో పేలుడు జరిగి 290 మంది చనిపోయారు. అదే రోజు రాజకుటుంబంలో మగబిడ్డ పుట్టాడు. సభ అభినందన తీర్మానం పెట్టింది. గని కుటుంబాలకు సంతాపం కూడా చెప్పమని హార్డీ అడిగితే ఒప్పుకోలేదు. చుట్టూ కేకలు వేస్తున్నా అతను నిలబడి మాట్లాడాడు. తీర్మానం ఆగలేదు. కానీ చనిపోయినవాళ్ల ఊసు సభ దస్త్రాలకెక్కింది.

మరుసటి ఏడాది ఓడిపోయాడు. 1900లో వేల్స్ గని కార్మికులుండే మెర్తిర్ టిడ్‌ఫిల్ నుంచి మళ్లీ గెలిచాడు. 1906లో లేబర్ పార్టీ 29 స్థానాలు గెలిచినప్పుడు సభలో దానికి తొలి నాయకుడయ్యాడు. 1907లో మన దేశానికి వచ్చి, భారతీయులకు స్వపరిపాలన కావాలన్నాడు. 1914లో యుద్ధం వద్దన్నందుకు సొంత నియోజకవర్గంలోనే అతని సభను చెదరగొట్టారు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

అతని జీవితమంతా నాకు ఆ గని తలుపు దగ్గరి కాపలాలాగే కనిపిస్తుంది. రేపు మీ చేతికీ ఒక తలుపు వస్తుంది. దరఖాస్తు పట్టుకుని వరుసలో నిలబడ్డ ముసలమ్మకు అది మీ సంతకం. ఆసుపత్రి వసారాలో ఎదురుచూసే కూలీకి అది మీ పిలుపు. తలుపు అవతల ఊపిరి కోసం చూస్తున్న వాళ్లున్నారని ఒక్క రోజు కూడా మరవకండి.

మీ చదువు నలుగురికీ గాలి, వెలుతురు కావాలని ఆశీర్వదిస్తున్నాను. శుభం.