స్పానిష్ క్రియలో ఊనిక

స్పానిష్ మొదలుపెట్టినవారు క్రియల పట్టికలు చూసి బెదిరిపోతారు. ఒక్కో క్రియకు పదుల కొద్దీ రూపాలు. ఏ రూపంలో ఏ అక్షరాన్ని ఊని పలకాలో కంఠతా పట్టాలంటే తెమిలే పని కాదు, ఆ అవసరమూ లేదు. మాటను అక్షరాలుగా సరిగ్గా విడగొడితే ఊనిక ఎక్కడుందో రాతే చెబుతుంది. ఊనిక ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ‘తెర్మినొ’ అన్న మాటనే తీసుకోండి. తెర్, మి, నొ అని మూడు అక్షరాలు. ‘తెర్’ను ఊని పలికితే అది నామవాచకం, గడువు అని ఒక అర్థం. ‘మి’ని ఊనితే ‘ముగిస్తాను’. ‘నొ’ను ఊనితే ‘ముగించాడు’ లేదా ‘ముగించింది’. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన అర్థం మారదు కాబట్టి మన చెవికి ఈ తేడా సులువుగా అందదు.

సూత్రం చిన్నదే. అచ్చుతోగానీ న్, స్‌లతోగానీ ముగిసే మాటకు చివరినుంచి రెండో అక్షరం మీద ఊనిక. మిగతా హల్లులతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఇది తప్పినచోట అచ్చు మీద ఏటవాలు గీత పెడతారు. న్, స్‌లకు ఈ మినహాయింపు క్రియలకు ఎంతో మేలు చేసింది. ‘అబ్ల’ అంటే మాట్లాడతాడు. దానికి న్ చేరితే మాట్లాడతారు, స్ చేరితే మాట్లాడతావు. మూడింటిలోనూ ఊనిక ‘అ’ మీదే, గీత అక్కర్లేదు. ర్‌తో ముగిసే ‘అబ్లర్’, ‘కొమెర్’ వంటి మూలరూపాలకు చివరి అక్షరం మీదే ఊనిక. అసలు జాగ్రత్త విడగొట్టడంలో ఉంది. ‘కన్తొ’లో న్, త్ విడిపోతాయి గానీ ‘అబ్లొ’లో బ్ల జంట విడిపోదు. ‘ఎస్తుద్యొ’ చివర రెండు అచ్చులు కలిసి ఒకే అక్షరం. ‘తెనీయ’లో ‘ఇ’ మీద గీత ఉంది గనుక చివరి రెండు అచ్చులూ రెండు అక్షరాలు.

ఫోను సందేశాల్లో స్పానిష్ వాళ్లే ఈ గీతలు వదిలేస్తారు కదా, సందర్భం చూసి అర్థం చేసుకోలేమా అని అడగవచ్చు. చాలాసార్లు చేసుకోగలం. కానీ స్పానిష్‌లోనూ మనలాగే కర్తను తరచు వదిలేస్తారు. ఎవరన్నది క్రియ చివరే చెప్పాలి. ‘మాట్లాడతాను’, ‘మాట్లాడాడు’ రెండూ ‘అబ్లొ’యే అయినప్పుడు ఆ భారమంతా ఊనికదే. మరి ‘ఫ్వె’, ‘ద్యొ’ కూడా భూతకాలమే, వాటికి గీత లేదేం? అవి ఏకాక్షరాలు, ఊనిక పడడానికి మరో చోటే లేదు. ఒకప్పుడు వాటికీ గీత రాసేవారు. 1959లో స్థిరపడిన నియమాలు దాన్ని తొలగించాయి. ఇక ప్రాంతాల సంగతి. అర్జెంటీనాలో ‘నీకు ఉంది’ అనడానికి ‘త్యెనెస్’ బదులు ‘తెనెస్’ అంటారు. అక్కడ ఊనిక చివరికి జరిగింది, కాబట్టి గీత వచ్చింది. ప్రాంతం మారినా సూత్రం మారలేదు. పట్టిక తెరిచేముందు ఒక్కో రూపాన్నీ విడగొట్టి, ఊనిక పడే అక్షరాన్ని గట్టిగా పలికి చూడండి.