యువజనులు – దానశీలము

తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని మనకొక సామెత ఉన్నది. దానమును గూర్చి మాట ఎత్తగానే యువకులు తరచుగా దీనినే అడ్డు పెట్టుచుందురు. ఉద్యోగము రానిండు, ఇల్లు నిలదొక్కుకొననిండు, అటుపైన ఇచ్చెదమందురు. కాని ఆ సామెత దానమునకు హద్దు చెప్పినదే గాని దానమే వలదనలేదు. పది రూపాయలలో ఒకటి ఇవ్వ నేర్వని చేయి, వేయి రూపాయలలో నూరు ఇచ్చుట మరింత కష్టము.

గోదావరి పాయల నడుమ లంకల గన్నవరములో నివసించిన డొక్కా సీతమ్మగారు (1841–1909) రాణి కారు, గృహిణి. ఏటి రేవు దాటి ఆకలితో వచ్చిన బాటసారులకు వేళ గాని వేళలలో సైతము వండి వడ్డించిరి. ఆమె ఇచ్చినది అన్నము మాత్రమే కాదు, తన శ్రమ కూడ. ఈ రెండవ ధనము విద్యార్థుల వద్దను కలదు. చదువురాని పెద్దలకు దరఖాస్తు వ్రాసిపెట్టుట, పొరుగింటి పిల్లవానికి సాయంకాలము లెక్కలు చెప్పుట, ఇవియు దానములే.

పుచ్చుకొనువారిని అడిగి ఇచ్చుట ఉత్తమము. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే విచారింపగా, తమకు 80 ఎకరములు కావలెనని భూమిలేని దళితులే లెక్క చెప్పిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చెదనని ముందుకు వచ్చిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. అయితే తరువాతి కాలమున దేశములో దానముగా ప్రకటించిన భూములలో సాగుకు పనికిరానివి, పేదలకు పంచబడనివి ఎన్నో మిగిలిపోయినవి. మాట ఇచ్చుట వేరు, చేతికి అందించుట వేరు.

దాత గతించినను దానము సాగవలెనన్నచో సంస్థ కావలెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తిని దానికి అర్పించిరి.

నేడు చేతిలోని ఫోనుతో క్షణములో డబ్బు పంపవచ్చును. ఆ సౌకర్యము మోసగానికిని ఉన్నది. కనుక ఎవరికి చేరుచున్నదో విచారించి, లెక్క చూపు సంస్థకే ఇవ్వుడు. నెల మొదటనే, మీకు భారము కానంత, ఒక చిన్న మొత్తమును వేరుగా తీసి ఉంచుడు. ఒకనాటి ఆవేశముతో నూరు ఇచ్చి మానుట కంటె, ఏండ్ల తరబడి నెలకు పది ఇచ్చుట మేలు. పంకా రెక్కల మీద పేరు చెక్కించుకొను కోరికను మాత్రము విడువుడు. పుచ్చుకొన్నవాడు తల వంచుకొనక నడచిపోగలిగినప్పుడే మీ దానము సఫలమైనట్లు.